అర్థానికీ అర్ధానికీ తేడా కనిపించేలా: లినక్స్‌లో తెర డీపీఐని సరిచూసుకోవడం

నల్లకుంటలో మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత తెలుగు మాష్టారు కిందటి వేసవిలో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, అందులో ఉబుంటు అనే లినక్స్ రకాన్ని వేయించుకుని, రెండు రోజులు తిరగకుండానే నాకు కబురు చేశారు. వెళ్లేసరికి ఆయన ముక్కు తెరకు తగిలేంతగా వంగి ఒక వ్యాసం చదువుతున్నారు. "చూడు బాబూ, ఇది అర్థమో అర్ధమో తెలియడం లేదు. కళ్లద్దాలు మార్చాలంటావా?" అన్నారు. "మీ కళ్లద్దాలు బాగానే ఉన్నాయండీ మాష్టారూ, తెర లెక్క తప్పింది" అన్నాను.

ఆ రెండు మాటల్లోనూ రకారం కింద ఒత్తు ఉంటుంది. ఒకదానిలో అది థకారం, రెండోదానిలో ధకారం. రెండింటికీ తేడా లోపలి చిన్న చుక్క ఒక్కటే. అసలు అక్షరం కంటే ఒత్తు చిన్నది, ఒత్తు కంటే చుక్క మరీ చిన్నది కాబట్టి, తెర మీద అక్షరానికి తగినన్ని పిక్సెళ్లు (తెర బొమ్మను కూర్చే అతి చిన్న గడులు) దక్కకపోతే ముందుగా మాయమయ్యేది ఆ చుక్కే. ఇంగ్లిష్ చదివేవారికి డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క, తప్పితే అక్షరం కాస్త చిన్నగా కనిపిస్తుందంతే, మాట మాత్రం తెలిసిపోతుంది. తెలుగు చదివేవారికి మాటే మారిపోతుంది. అందుకే తెలుగు చదవడానికీ, రాయడానికీ లినక్స్ వాడే ప్రతి ఒక్కరూ ఈ అమరికను ఒక్కసారైనా కూర్చుని సరిచూసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. పుస్తకాల అక్షరకూర్పు, ప్రూఫుల పని నా వృత్తి కావడం వల్ల ఈ సంగతి నాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పే ఆదేశాలన్నింటినీ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, కొట్టేటప్పుడు మాత్రం, ప్రత్యేకంగా చెప్పిన చోట్ల తప్ప, ఇంగ్లిష్ చిన్నక్షరాలనే వాడాలి.

అసలు సంఖ్య, అనుకున్న సంఖ్య

ఒక అంగుళం పొడవులో తెర మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చెప్పే సంఖ్యనే డీపీఐ అంటున్నాం. తెరల విషయంలో పీపీఐ అనడమే సరైనదని కొందరంటారు, అది నిజమే కానీ లినక్స్ అమరికలన్నింటిలోనూ డీపీఐ అనే పేరే కనిపిస్తుంది కనుక నేనూ ఆ మాటే వాడతాను. ఇక్కడ రెండు వేర్వేరు సంఖ్యలున్నాయని గ్రహించడం ముఖ్యం. ఒకటి, గాజు వెనుక నిజంగా ఉన్న పిక్సెళ్ల సాంద్రత. అది ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయింది, మనం మార్చలేము. రెండోది, తెర సాంద్రత ఇంత ఉంటుందని డెస్క్‌టాప్ (కిటికీలు, మెనూలు చూపే సాఫ్ట్‌వేర్) తనంతట తాను అనుకుని అక్షరాలను గీసే సంఖ్య. మన చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఈ రెండింటి మధ్య దూరం ఎక్కువైనప్పుడే మాష్టారికి వచ్చిన ఇబ్బంది వస్తుంది.

డెస్క్‌టాప్ అనుకునే సంఖ్య దాదాపు ఎప్పుడూ 96గానే ఉంటుంది. అచ్చు పనిలో అక్షరాల పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు, అంగుళానికి 72 పాయింట్లు. 1984లో వచ్చిన మాకింటోష్ ఆ లెక్కనే తీసుకుని పాయింటుకు ఒక పిక్సెల్ చొప్పున 72 అనుకుంది. కాగితాన్ని పట్టుకున్నంత దగ్గరగా తెరను చూడము కాబట్టి అక్షరం మరికాస్త పెద్దదిగా ఉండాలని మైక్రోసాఫ్ట్ దానికి మూడింట ఒక వంతు కలిపి 96 చేసింది. వెబ్ పేజీల కొలతలు కూడా అంగుళానికి 96 పిక్సెళ్లన్న లెక్క మీదే స్థిరపడ్డాయి. లినక్స్‌లో తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ కూడా ఎంతోకాలంగా తెర ఏదైనా సరే 96 అనే జవాబే ఇస్తోంది. అప్పటి తెరలకు అది దగ్గరి సంఖ్యే, ఇప్పటికీ 24 అంగుళాల మామూలు మానిటర్‌కు దగ్గరి సంఖ్యే. ల్యాప్‌టాప్‌లకే అది బొత్తిగా సరిపోదు.

అక్షరానికి దక్కే పిక్సెళ్ల లెక్క సులువైనదే: పాయింట్ల సంఖ్యను డీపీఐతో గుణించి 72తో భాగించాలి. 11 పాయింట్ల అక్షరానికి 96 దగ్గర సుమారు పద్నాలుగున్నర పిక్సెళ్ల ఎత్తు దక్కుతుంది. మాష్టారి ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలది, 1920 బై 1080 పిక్సెళ్లది, దాని అసలు సాంద్రత సుమారు 141. అంటే ఆ పద్నాలుగున్నర పిక్సెళ్లు అక్కడ దాదాపు 2.6 మిల్లీమీటర్ల స్థలంలో ఇమిడిపోతాయి. కాగితం మీద 11 పాయింట్లంటే 3.9 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో రకారం, దాని కింద ఒత్తు, ఆ ఒత్తు లోపల చుక్క. ఆయన ముక్కు తెరకు తగలడంలో ఆశ్చర్యమేముంది? అదే అక్షరం మా ఇంట్లో 24 అంగుళాల మానిటర్ మీద 4 మిల్లీమీటర్లు దాటుతుంది.

ముందుగా టేపు తీయండి

కంప్యూటర్ చెప్పేది వినడానికి ముందు మీరే కొలవండి. దర్జీ టేపైనా సరిపోతుంది. చుట్టూ ఉన్న నల్ల అంచును వదిలేసి, వెలుగు వచ్చే భాగం వెడల్పును మాత్రమే మిల్లీమీటర్లలో కొలిచి, అడ్డంగా ఉన్న పిక్సెళ్ల సంఖ్యను 25.4తో గుణించి ఆ వెడల్పుతో భాగిస్తే మీ అసలు డీపీఐ వస్తుంది. 24 అంగుళాల తెర వెలుగు భాగం సుమారు 531 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, 1920ని 25.4తో గుణిస్తే 48,768, దాన్ని 531తో భాగిస్తే 92కి కాస్త తక్కువ. టేపు దొరకకపోతే అడ్డం పిక్సెళ్ల వర్గాన్నీ నిలువు పిక్సెళ్ల వర్గాన్నీ కూడి, వర్గమూలం తీసి, పెట్టె మీద రాసిన అంగుళాలతో భాగించినా అదే సంఖ్య వస్తుంది.

పోల్చి చూసుకోవడానికి కొన్ని సంఖ్యలు చెబుతాను. 1920 బై 1080 తెర 21.5 అంగుళాలైతే సుమారు 102, 14 అంగుళాలైతే 157. 2560 బై 1440 తెర 27 అంగుళాలైతే 109. అదే 27 అంగుళాలలో 4కే (3840 బై 2160) తెర అయితే 163. పాత 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో వచ్చే 1366 బై 768 తెర సుమారు 100 కనుక దానికి ఏమీ మార్చనక్కరలేదు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మానిటర్ కొనడానికి వెళ్లేవారు ఈ లెక్కను ముందే వేసుకుని వెళితే మంచిది, ఎందుకంటే అంగుళాలు పెరిగితే అక్షరాల స్పష్టత పెరుగుతుందన్నది నిజం కాదు. 1920 బై 1080 పిక్సెళ్లనే 32 అంగుళాలకు సాగదీస్తే సాంద్రత 69కి పడిపోతుంది, అక్షరం పెద్దదవుతుంది కానీ ఒత్తుల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. తెలుగు చదవడానికే మానిటర్ కొనేవారికి నా సలహా 27 అంగుళాల 1440 తెర. అందులో అక్షరం చిన్నదీ కాదు, పిక్సెళ్లు విడివిడిగా కంటికి తగలవు, పైగా డీపీఐని పెద్దగా కదిలించే పని ఉండదు.

కొలత అయ్యాక, తెర తన సహజ రిజల్యూషన్‌లోనే, అంటే తనకున్న పిక్సెళ్లన్నింటితోనే, నడుస్తోందో లేదో చూడండి. ఇది తప్పితే డీపీఐని ఎంత సవరించినా మసక పోదు. టెర్మినల్ తెరిచి ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డి, ఆర్ అనే ఆరు అక్షరాల ఆదేశాన్ని కొట్టండి. వాడుకలో దాన్ని ఎక్స్‌రాండర్ అంటారు. వచ్చే జాబితాలో నక్షత్రం గుర్తు ఉన్న వరుస ఇప్పుడు నడుస్తున్న రిజల్యూషన్, కూడిక గుర్తు ఉన్నది మానిటర్ తనకు ఇష్టమని చెప్పుకున్నది. ఈ రెండు గుర్తులూ ఒకే వరుసలో ఉండాలి. ఒకప్పుడు నేను హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చవక కన్వర్టర్ ఒకటి కొని, అక్షరాలు ఎందుకు అలికినట్టున్నాయో తెలియక ఒక ఆదివారమంతా ఫాంట్లు మారుస్తూ కూర్చున్నాను. ఆ కన్వర్టర్ మానిటర్ వివరాలను కంప్యూటర్‌కు చేరనివ్వకపోవడంతో అది 1024 బై 768 దగ్గర ఆగిపోయిందని సాయంత్రానికి గానీ తెలియలేదు. నేరుగా హెచ్‌డీఎంఐ తీగ వేయగానే అక్షరాలు తేటపడ్డాయి.

కంప్యూటర్ ఏమనుకుంటోంది?

ఇప్పుడు రెండో సంఖ్య దగ్గరికి వద్దాం. దానికంటే ముందు మీ డెస్క్‌టాప్ తెర మీద బొమ్మ గీసే కొత్త పద్ధతి అయిన వేలాండ్ మీద నడుస్తోందా, ఎక్స్ సర్వర్ వాడే పాత ఎక్స్11 మీద నడుస్తోందా అన్నది తెలియాలి, ఎందుకంటే రెండింటిలో పద్ధతి వేరు. టెర్మినల్‌లో ఎకో అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, డాలర్ గుర్తు పెట్టి, దాని వెంటనే ఎక్స్‌డీజీ, సెషన్, టైప్ అనే మూడు మాటలను పెద్దక్షరాలలో అండర్‌స్కోర్‌లతో కలిపి రాసి ఎంటర్ నొక్కితే, వేలాండ్ అనో ఎక్స్11 అనో జవాబు వస్తుంది. ఉబుంటు, ఫెడోరాలు చాలాకాలంగా వేలాండ్‌నే ముందుంచుతున్నాయి. మింట్ అనే లినక్స్ రకంలోని సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లలో సాధారణంగా ఎక్స్11 కనిపిస్తుంది.

ఎక్స్11 అయితే ఎక్స్, డి, పి, వై, ఐ, ఎన్, ఎఫ్, ఓ అనే ఎనిమిది అక్షరాల ఆదేశాన్ని ఇవ్వండి. చాలా పొడవైన జవాబు వస్తుంది, అందులో డైమెన్షన్స్, రిజల్యూషన్ అని మొదలయ్యే రెండు వరుసలే మనకు కావలసినవి. రిజల్యూషన్ వరుసలో 96 బై 96 అని ఉంటే అది మీ తెరను కొలిచి చెప్పిన మాట కాదని గుర్తుంచుకోండి. 1920 పిక్సెళ్ల తెర వెడల్పును అది 508 మిల్లీమీటర్లని చూపిస్తుంది, అది 96 మీద వెనక్కి లెక్క కట్టి చెప్పిన సంఖ్య. చాలామంది ఈ వరుస చూసి అంతా సరిగ్గానే ఉందని సంతృప్తి పడతారు. మీరు టేపుతో కొలిచిన వెడల్పును ఆ 508 పక్కన పెట్టి చూడండి, తేడా వెంటనే తెలిసిపోతుంది.

అసలు వెడల్పు కావాలంటే ఎక్స్‌రాండర్ జవాబునే మళ్లీ చూడాలి. కనెక్టెడ్ అని ఉన్న వరుస చివర 344 ఎంఎం బై 194 ఎంఎం లాంటి కొలత ఉంటుంది, ఇది 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే సంఖ్య. దీన్ని మానిటర్ తనలో దాచుకున్న ఈడీఐడీ అనే చిన్న పత్రం నుంచి తీసుకుంటారు. తెర పేరు, తయారైన సంవత్సరం, కొలతలు, ఇష్టమైన రిజల్యూషన్ ఇవన్నీ అందులోని 128 బైట్లలో రాసి ఉంటాయి. ఆ పత్రం కూడా ఎప్పుడూ నిజమే చెబుతుందని నమ్మకండి. టీవీని మానిటర్‌గా వాడుతున్నప్పుడు 160 మిల్లీమీటర్లు బై 90 మిల్లీమీటర్లు అని కనిపించడం నేను చాలాసార్లు చూశాను. అది తెర కొలత కాదు, పదహారుకు తొమ్మిది అనే నిష్పత్తిని కొలత గడిలో రాసేయడం. గోడంత బొమ్మ వేసే ప్రొజెక్టర్‌కు సొంత కొలతంటూ ఉండదు కనుక అది సున్నా అని చెప్పవచ్చు. టేపుతో మొదలుపెట్టమన్నది ఇందుకే.

చివరిగా ఎక్స్, ఆర్, డి, బి అని కొట్టి, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, దాని వెంట క్వెరీ అని రాయండి. ఎక్స్‌ఎఫ్‌టీ డాట్ డీపీఐ అనే వరుస కనిపిస్తే దాని పక్కనున్న సంఖ్యతోనే చాలా అప్లికేషన్లు అక్షరాలు గీస్తాయి. ఆ వరుసే లేకపోతే ఎవరూ ఏమీ నిర్ణయించలేదన్నమాట.

వేలాండ్‌లో కథ వేరు. అక్కడ తెరలన్నిటికీ కలిపి ఒకే డీపీఐ అనే భావన లేదు, ఒక్కొక్క తెరకూ ఒక స్కేలు ఉంటుంది. 100 శాతం అంటే 96, 125 శాతం అంటే 120, 150 శాతం అంటే 144, 200 శాతం అంటే 192 అనుకుంటే లెక్క కుదురుతుంది. ఎక్స్‌డీపీవైఇన్ఫో, ఎక్స్‌రాండర్ అక్కడ కూడా జవాబిస్తాయి కానీ, పాత అప్లికేషన్ల కోసం పక్కన నడిచే ఎక్స్‌వేలాండ్ మాటే అది, మీ తెర సంగతి కాదు. అక్కడ రిజల్యూషన్‌ను డెస్క్‌టాప్ డిస్‌ప్లే అమరికల్లోనే చూసుకోండి.

ఎంత పెట్టాలి?

అసలు సంఖ్యను యథాతథంగా పెట్టేయాలని చాలామందికి అనిపిస్తుంది. కొలత కచ్చితంగా ఉండాల్సిన డీటీపీ పనికి అది సరైనదే. చదువుకోవడానికి మాత్రం కంటికీ తెరకూ ఉన్న దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ల్యాప్‌టాప్‌ను మానిటర్ కంటే దగ్గరగా పెట్టుకుంటాము కాబట్టి 141 సాంద్రత గల తెరకు 120 పెట్టినా నలభై దాటని కళ్లకు హాయిగా ఉంటుంది, పెద్దవారికి 132 గానీ 144 గానీ కావాలి. నేను ఎప్పుడూ 120తో మొదలుపెట్టి, ఒక పూట చదివి, అప్పుడు పెంచుతాను. 43 అంగుళాల 4కే టీవీ సాంద్రత సుమారు 102 కనుక లెక్క ప్రకారం దానికి 100 శాతం చాలు, కానీ దాన్ని మంచం మీద కూర్చుని ఆరడుగుల దూరం నుంచి చూస్తే 200 శాతం కూడా ఎక్కువ కాదు.

పరీక్షకు ఇంగ్లిష్ వాక్యాలు పనికిరావు. ఒక ఖాళీ పత్రం తెరిచి, అర్థం, అర్ధం, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, భాద్రపదం, ఫలం, షరతు అని మీరు రోజూ వాడే ఫాంటులోనే కొట్టి, వెనక్కి ఆనుకుని, ఎప్పటిలా కూర్చుని చదవండి. రాష్ట్రంలోని రెండు ఒత్తులూ ఒకదానితో ఒకటి అంటుకోకుండా విడివిడిగా కనిపించాలి. ఫకారం, షకారం మొదటి చూపులోనే వేరుగా తెలియాలి. అవి తెలియనంతవరకు సంఖ్యను పెంచుతూ వెళ్లండి.

మార్చే చోటు

గ్నోమ్‌లో, అంటే మామూలు ఉబుంటులో, రెండు దారులున్నాయి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ అనే చోట స్కేల్ ఎంచుకోవచ్చు. 125, 150 లాంటివి కనిపించకపోతే అక్కడే ఉన్న ఫ్రాక్షనల్ స్కేలింగ్ మీటను వేయాలి. దీనితో కిటికీలు, బొత్తాలు, బొమ్మలు, అక్షరాలు అన్నీ కలిసి పెరుగుతాయి. 4కే తెరలకు ఇదే సరైన దారి. రెండో దారిలో అక్షరాలనే పెంచుతాము. గ్నోమ్ ట్వీక్స్ అనే అప్లికేషన్‌లో ఫాంట్స్ భాగంలోని స్కేలింగ్ ఫ్యాక్టర్‌ను 1.25 చేస్తే అక్షరాలకు 120 డీపీఐ పెట్టినట్టవుతుంది. యాక్సెసిబిలిటీలోని లార్జ్ టెక్స్ట్ మీట కూడా సరిగ్గా ఈ 1.25నే పెడుతుంది. టెర్మినల్ అలవాటున్నవారు జీసెట్టింగ్స్ సెట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, ఇంటర్‌ఫేస్ అనే నాలుగు మాటలను చుక్కలతో కలిపి, మళ్లీ ఖాళీ వదిలి, టెక్స్ట్, స్కేలింగ్, ఫ్యాక్టర్ అనే మూడింటిని అడ్డగీతలతో కలిపి, చివర 1.25 అని రాయవచ్చు. మార్పు తక్షణమే కనిపిస్తుంది.

110 నుంచి 160 మధ్య సాంద్రత గల తెరలకు నేను ఈ రెండో దారినే గట్టిగా సిఫారసు చేస్తాను. భిన్నాల స్కేలింగ్‌లో కొన్ని అప్లికేషన్లు బొమ్మను మొదట పెద్దదిగా గీసి తర్వాత కుదిస్తాయి, ఎక్స్‌వేలాండ్ మీద నడిచేవాటిలో చిన్నదాన్ని సాగదీయడం కూడా జరుగుతుంది. రెండు విధాలుగానూ ఒత్తుల అంచులు మెత్తబడతాయి. అక్షరాన్నే పెద్ద పరిమాణంలో గీయమన్నప్పుడు ఫాంటులోని గీతలు నేరుగా పిక్సెళ్ల మీదికి వస్తాయి కనుక ఆ మసక ఉండదు. మాష్టారి ల్యాప్‌టాప్‌లో నేను పెట్టింది ఇదే, మొదట 1.25, సాయంత్రానికి ఆయన కోరిక మీద 1.4.

మింట్ సినమన్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి ఫాంట్ సెలెక్షన్‌లో టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ అనే దాన్ని మార్చాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అపియరెన్స్‌లోని ఫాంట్స్ పేజీలో కస్టమ్ డీపీఐ సెట్టింగ్ అని స్పష్టంగానే ఉంటుంది, 120 అని నేరుగా సంఖ్య వేయవచ్చు. ప్యానెల్ ఎత్తును విడిగా పెంచుకోవాల్సి రావచ్చు. కేడీఈ ప్లాస్మాలో డిస్‌ప్లే అమరికల్లోని స్కేల్ చాలా చక్కగా పనిచేస్తుంది, వేలాండ్‌లో అయితే తెరకొక స్కేలు పెట్టుకోవచ్చు, పాత ఎక్స్11 అప్లికేషన్లు తమంతట తామే పెరగాలా, వ్యవస్థే వాటిని పెంచాలా అన్నది కూడా అక్కడే అడుగుతుంది. తమంతట తామే పెరిగేలా పెట్టుకుంటే అక్షరాలు తేటగా ఉంటాయి.

ఐ3 వంటి కిటికీ నిర్వాహకులను మాత్రమే వాడేవారికి పెట్టెలు, మీటలు ఉండవు. ఇంటి ఫోల్డర్‌లో చుక్కతో మొదలై, పెద్దక్షరపు ఎక్స్‌తో ఎక్స్‌రిసోర్సెస్ అనే పేరు గల ఫైలు తెరిచి, అందులో ఎక్స్‌ఎఫ్‌టీ, చుక్క, డీపీఐ, రెండు చుక్కల గుర్తు, ఖాళీ, 120 అని ఒకే వరుస రాయాలి. ఇక్కడ కూడా మొదటి ఎక్స్ పెద్దక్షరమే. తర్వాత ఎక్స్‌ఆర్‌డీబీ, ఖాళీ, అడ్డగీత, మెర్జ్ అని కొట్టి ఆ ఫైలు పేరు ఇస్తే సంఖ్య నమోదవుతుంది, తెరిచి ఉన్న అప్లికేషన్లను మూసి తెరవాలి. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవారు ఈ ఫైలు జోలికి వెళ్లకండి. అక్కడ డెస్క్‌టాప్ సొంత అమరికే చెల్లుతుంది, మీరు రాసిన వరుస పక్కకు పోతుంది, ఎందుకు పనిచేయలేదో తెలియక మీ సమయం వృథా అవుతుంది.

ఒకే చోట మార్చాలన్నదే ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద నియమం. మాష్టారి ఇంటికి నాకంటే ముందు ఎవరో బంధువుల అబ్బాయి వచ్చి, ఏదో చదివి, క్యూటీ స్కేల్ ఫ్యాక్టర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (అప్లికేషన్లు మొదలయ్యేటప్పుడు చదువుకునే అమరికను) 1.5గా పెట్టి వెళ్లాడు. నేను అది గమనించకుండా అక్షరాలను పెంచడంతో, మిగిలినవన్నీ సరిగ్గా ఉండి, క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ సామగ్రితో రాసిన వీఎల్‌సీ ఒక్కటీ సగం తెరను మింగేసే బొత్తాలతో తెరుచుకుంది. రెండు చోట్లా పెంచినప్పుడు సంఖ్యలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి: 12 పాయింట్ల అక్షరానికి 144 దగ్గర 24 పిక్సెళ్లు దక్కాలి, దాని మీద మళ్లీ 1.5 పడితే 36 అవుతాయి. అందువల్ల ఏదైనా మార్చే ముందు ఎన్వ్ అని మూడక్షరాల ఆదేశం ఇచ్చి, జీడీకే స్కేల్, జీడీకే డీపీఐ స్కేల్, క్యూటీ స్కేల్ ఫ్యాక్టర్, క్యూటీ ఫాంట్ డీపీఐ అనే పేర్లు ఏవైనా ఉన్నాయేమో చూసి, ఉంటే వాటిని తీసేసి మొదలుపెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో మీరు ఎప్పుడైనా జూమ్ మార్చి ఉంటే కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కి 100 శాతానికి తీసుకురండి, లేకపోతే బ్రౌజర్‌లో కనిపించేదాన్ని చూసి తప్పు నిర్ణయం తీసుకుంటారు.

రెండు తెరలున్నవారికి ఎక్స్11లో ఒక చిక్కు ఉంది. 141 సాంద్రత గల ల్యాప్‌టాప్‌కు 92 సాంద్రత గల మానిటర్ తగిలిస్తే, రెండింటికీ కలిపి ఒకే సంఖ్య పెట్టగలము. ల్యాప్‌టాప్‌కు సరిపోయేలా పెడితే మానిటర్ మీద అక్షరాలు ఒకటిన్నర రెట్లు పెద్దవవుతాయి. మానిటర్‌కు మాత్రం ఎక్స్‌రాండర్‌తో 1.5 బై 1.5 స్కేలు ఇచ్చి దాన్ని 2880 బై 1620 తెరగా భావించేలా చేయవచ్చు, పరిమాణాలు కలుస్తాయి కానీ మానిటర్ మీద కొంత మసక వస్తుంది. తెలుగు ప్రూఫులు చూసేవారికి ఆ మసక నేను ఒప్పుకోను. వేలాండ్‌కు మారి తెరకొక స్కేలు పెట్టుకోవడం మేలు, అది కుదరకపోతే మానిటర్ తగిలించినప్పుడు ల్యాప్‌టాప్ తెరను ఆపేయడం మేలు.

అన్నీ సరిగ్గా ఉన్నా తెలుగు ఒక్కటే చిన్నగా కనిపిస్తుంటే తప్పు డీపీఐది కాకపోవచ్చు. ఒకే పాయింటు పరిమాణంలో కూడా ఒక ఫాంటులో అక్షరం నిండుగా, మరొక ఫాంటులో బక్కగా ఉంటుంది. ఎఫ్‌సీ, మ్యాచ్ అనే రెండింటిని అడ్డగీతతో కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు చుక్కల గుర్తు, లాంగ్, సమాన గుర్తు, టీఈ అని మధ్యలో ఖాళీలు లేకుండా రాసి ఇస్తే, తెలుగుకు మీ కంప్యూటర్ ఏ ఫాంటును ఎంచుకుంటోందో చెబుతుంది. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు రెండింటినీ ఒకే వాక్యం మీద వేసి చూసి, మీ కంటికి నచ్చినదాన్ని ఉంచుకోండి. సంఖ్యను ఇంకా పెంచేకంటే ఫాంటు మార్చడమే కొన్నిసార్లు చాలు.

అచ్చు పని చేసేవారు చివరగా ఒక కాగితంతో సరిచూసుకోవాలి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఏ4 పేజీ తెరిచి, జూమ్ 100 శాతం చేసి, నిజమైన కాగితాన్ని తెర మీద ఆనించండి. డెస్క్‌టాప్ 96 అనుకుంటుంటే మాష్టారి ల్యాప్‌టాప్ మీద ఆ పేజీ సుమారు 143 మిల్లీమీటర్లే వస్తుంది, మా మానిటర్ మీద దాదాపు 220 వస్తుంది. సంఖ్యను అసలు సాంద్రతకు దగ్గరగా పెట్టిన కొద్దీ తెర మీది పేజీ అంచు కాగితం అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది.

లాగిన్ తెర అమరిక వేరుగా ఉంటుంది, అక్కడ అక్షరాలు పాత పరిమాణంలోనే కనిపిస్తే కంగారుపడకండి, ఒకసారి లోపలికి వచ్చాక మీరు పెట్టిన సంఖ్యే ఉంటుంది. ఏదైనా మరీ పెద్దదైపోయి బొత్తాలు అందకుండా పోతే, కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కి టెర్మినల్ తెరిచి, ముందు చెప్పిన జీసెట్టింగ్స్ వరుసలో సెట్ బదులు రీసెట్ అని రాసి, చివరి సంఖ్యను వదిలేయండి. మళ్లీ 96 దగ్గర నిలబడతారు, అక్కడి నుంచి నెమ్మదిగా పెంచుకోవచ్చు.